మామిడి పుస్తకంలో దొరికిన యుగాంతం

ఈ సంగతి రాసి పెట్టవలసిన అవసరం ఏమిటంటే, మా ఊళ్ళో అది ఇప్పటికే తప్పుగా తిరుగుతోంది. నర్సమ్మ పోయి నెల కాలేదు. "దేవుని పుస్తకమే తప్పని నలుగురిలో అనిందంట" అని మొన్న టీ అంగడి దగ్గర ఒకాయన చెబుతుంటే విన్నాను. ఆయన ఆ రోజు అక్కడ లేడు. నేను ఉన్నాను, రెండో వరసలో, కిటికీ పక్క కుర్చీలో. ఆమె అన్నది దేవుని పుస్తకం గురించి కాదు, ఒక నవల గురించి. ఆ రెండింటికీ తేడా తెలియనివాళ్ళ నోళ్ళలో ఆమె మాట నలగడం నాకు ఇష్టం లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. సమాధి దగ్గర మాట్లాడిన వాళ్ళందరూ ఆమె చేసిన కాన్పుల గురించే మాట్లాడారు. మంచిదే. మా కోయిలకుంట్లలో సగం మందిని మొదట చేతుల్లోకి తీసుకున్నది ఆమే. కాని ఆమె చదివే మనిషి అని ఒక్కరూ అనలేదు. నేను చూసిన చదువరులలో ఆమెను మించినవారు లేరు. ఈ మాట చెప్పే అర్హత నాకుందని నా నమ్మకం. నేను బడిలో చదివింది ఏడో తరగతి. కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టడం నా పని. మిగతా చదువంతా మా శాఖా గ్రంథాలయంలో, బీరువా తర్వాత బీరువా, వరస తప్పకుండా చదువుకున్నదే.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఊరంతా నర్సమ్మ అనే పిలిచేది, నేనూ అంతే.

ఆసుపత్రి కాన్పుల వార్డులో ఉద్యోగం నుంచి రిటైరయ్యాక రోజూ నాలుగు గంటలకు లైబ్రరీకి వచ్చేది. నల్ల గొడుగు, స్టీలు నీళ్ళ సీసా, గంజి పెట్టిన నూలు చీర. వాచీ ముఖం మణికట్టు లోపలి వైపు ఉండేది. కొత్త పుస్తకం ఏదైనా చేతికి వస్తే వెంటనే తెరిచేది కాదు. ముందు దాని వెన్ను మీద రెండు వేళ్ళు ఆనించి, వాచీ చూసుకుంటూ కాసేపు ఊరుకునేది.

"ఏం చూస్తాండావు నర్సమ్మా?" అని మొదటిసారి నేనే అడిగాను.

"నాడి."

నవ్వకుండా చెప్పింది. చదవడం అయ్యాక తీర్పు కూడా అదే భాషలో వచ్చేది. ఒక పెద్ద నవలను "దీనికి మాటలు ఎక్కువ, నెత్తురు తక్కువ" అంది. అందరూ మెచ్చుకున్న ఒక కథల పుస్తకాన్ని "ఇది నెలలు నిండకుండానే పుట్టింది, ఇంగ రెండు నెలలు కడుపులో పెట్టుకోనుంటే బతికేది" అంది. ఒక ఆయుర్వేద పుస్తకం నాలుగు పేజీలు తిప్పి, "దీన్ని బీరువాలో కాదు, తాళం వేసి పెట్టండి. ఎవురన్నా ఇది చదివి మందు తాగుతారు" అని లైబ్రేరియన్ రమాదేవి మేడమ్‌కు అప్పగించింది.

అభిప్రాయాల నోటుబుక్కు పెట్టించింది ఆమే. పొడుగు రూళ్ళ పుస్తకం, పురికొసతో బల్ల కాలికి కట్టేసి ఉండేది. పుస్తకం తిరిగి ఇచ్చేవాళ్ళు అందులో ఒక వాక్యమైనా రాయాలి. అడ్డం తిరిగిన వాళ్ళ ముందు ఆమె కుర్చీ వేసుకుని కూర్చునేది. 'బాగుంది' అని రాస్తే ఒప్పుకునేది కాదు.

కిరాణా అంగడి సుబ్బయ్య శెట్టికీ ఆమెకూ దాని మీదే మొదటి తగవు. శెట్టి మా లైబ్రరీలో అందరికన్నా వేగంగా చదివేవాడు. అంగట్లో బేరం లేనప్పుడల్లా చదివేవాడు.

"ఎట్లుంది శెట్టీ?"

"బాగుంది నర్సమ్మా."

"నీ అంగడికి వచ్చి కందిపప్పు ఎట్లుందంటే బాగుంది అని ఊరుకుంటావా? యాడ పప్పు, ఎన్నాళ్ళ పప్పు, ఉడుకుతాదా లేదా, అన్నీ చెప్తావు గదా?"

"పప్పు అయితే నాకు తెలుసు గదమ్మా."

"అయితే పుస్తకం కూడా ఉడికిందా లేదా, అదే రాయి."

శెట్టి గడ్డం గోక్కుని, "మొదట్లో ఉడకలేదు. వంద పేజీలైనాక మెత్తబడింది. అడుగున కొంచెం మాడింది" అని రాశాడు. ఆ నోటుబుక్కులో అంత నిజాయితీ గల వాక్యం మళ్ళీ చాలా రోజులు ఎవరూ రాయలేదు. నేను కూడా.

ఇంక నవల సంగతి. ఎవరో ఊరు విడిచి పోతూ ఒక సంచి పుస్తకాలు లైబ్రరీకి ఇచ్చిపోయారు. బైండింగు ఊడిపోయిన మా పాత పుస్తకాలతో పాటు వాటిని కూడా నంద్యాలకు పంపి అట్టలు వేయించారు. అందులో ఒకటి 'తెల్లవారని ఆదివారం'. క్రైస్తవ నవల. అట్ట లోపల సముద్రం మీద నల్ల సూర్యుడి బొమ్మ ఉంది. కథ ఇది. ఒక ఆదివారం సూర్యుడు ఉదయించడు. లోకానికి ఇంక ఏడు రోజులే గడువు. నవ్వుతూ మాట్లాడే ఒక పెద్ద నాయకుడు జనం చేతుల మీద ముద్రలు వేయిస్తుంటాడు. రక్షణ పొందిన వాళ్ళ పేర్లన్నీ ఉన్న గ్రంథాన్ని ఆయన మనుషులు దొంగిలిస్తారు. రేవు పట్నంలో ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు దాన్ని వెతుకుతుంటాడు. ఆయనకు అందులో ఒక సొంత పని ఉంది. ఆయన కూతురు బాప్తిస్మం తీసుకోవడానికి వారం ముందు సముద్రంలో మునిగి చనిపోయింది. ఆమె పేరు ఆ గ్రంథంలో ఉందో లేదో చూడాలి.

మా వైపు యుగాంతం కొత్త మాట కాదు. రాతి బసవన్న ఏటేటా పెరుగుతున్నాడని, కలియుగం ముగిసేనాడు లేచి నిలబడతాడని వింటూ పెరిగినవాళ్ళం. వానలు తప్పిన ప్రతి ఏడూ మాకు ఒక చిన్న యుగాంతమే. కాబట్టి ఆ నవలను చర్చికి పోయేవాళ్ళు మాత్రమే కాదు, అందరూ చదివారు. గేట్లు, గ్రిల్లులు చేసే హుసేన్ నోటుబుక్కులో "మా పెద్దోళ్ళు చెప్పే కయామత్ కూడా ఇంచుమించు ఇట్లే ఉంటుంది, కాని అందులో ఇంతమంది పోలీసులు ఉండరు. రెండు వందల పేజీల దగ్గర ఆపినాను" అని రాశాడు. డిగ్రీ చదివే ఒకతను "తుపాకులు బాగున్నాయి, ప్రార్థనలు పొడుగు" అని రాసి సంతకం కూడా పెట్టాడు. చివరి దాకా చదివింది శెట్టి ఒక్కడే. ఆయన రాసింది చూసి రమాదేవి మేడమ్ నన్ను పిలిచి మరీ చూపించింది.

"లోకం అంతమైన తర్వాత అందరూ మామిడి తోటలు వేసుకోవడం శానా బాగుంది. కొత్త భూమి అంటే ఇదే. పిండినల్లి గురించి రాసింది ఉపయోగకరం."

నర్సమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. ఆమె మాత్రం ఆ నవల ముట్టుకోలేదు. "బైబిలు చివర యుగాంతం చెప్పే ప్రకటన గ్రంథం ఉండాది గదా, నాకు అది చాలు. దానికి పోలీసు ఎందుకు?" అని పక్కన పెట్టింది. ప్రతి ఆదివారం చర్చిలో రెండో బెంచీలో కూర్చునే మనిషి. బైబిలు మీద ఆమెకున్న నమ్మకం గురించి ఎవరూ ఆమెకు పాఠం చెప్పనక్కరలేదు.

"యుగాంతానికీ పిండినల్లికీ ఏం సంబంధం శెట్టీ?" అని అడిగింది.

"రాసినాయన మనసులో ఏముండాదో! నాకైతే అర్థమయింది. కష్టాలన్నీ అయినాక చెట్టు నాటుకోవల్ల, దానికి కూడా పురుగు పడతాది, జాగ్రత్తగా ఉండండి అని."

"నీకు అంగడి ఎందుకు శెట్టీ, ఉపన్యాసాలు చెప్పు" అంది. అందరం నవ్వాం. నవ్వి, ఎవరం ఆ పుస్తకం తెరిచి చూడలేదు. అది మా తప్పు.

దాన్ని ఆ తర్వాత తీసుకుపోయింది ఓబులేసు. ఓబులేసు బేతంచెర్ల వైపు నుంచి బండల లోడు తోలే లారీ డ్రైవరు. పేరు ఓబులేసే గాని వాళ్ళ ఇంట్లో తాతల నాటి నుంచి చర్చికి పోయేవాళ్ళే. అప్పటి దాకా లైబ్రరీ గడప తొక్కలేదు. అతని కూతురు సునీత ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ దసరా నెలలో విషజ్వరంతో ఐదు రోజుల్లో పోయింది. క్రిస్మస్‌కు బాప్తిస్మం ఇప్పించాలని తెల్ల చీర కూడా కొని పెట్టారు. మన్ను వేస్తున్నప్పుడు చుట్టం ఒకాయన "బాప్తిస్మం కాకపాయె గదా, పాపం" అన్నాడంట. ఆయన జాలితోనే అని ఉంటాడు. ఓబులేసు తలలో ఆ మాట మేకులాగా దిగిపోయింది. నవలలో ఇటువంటి పిల్ల ఉందని లారీ ఆఫీసులో ఎవరో చెబితే వచ్చి తీసుకుపోయాడు.

నాలుగో రోజు సాయంత్రం వచ్చాడు. పుస్తకంలో వేలు పెట్టుకుని, చెప్పులు విప్పకుండా, నేరుగా నర్సమ్మ దగ్గరికి.

"నర్సమ్మా, ఇది చూడు. ఆ ఇనస్పెట్టరుకు గ్రంథం దొరికింది. తెరిచినాడు. పాప పేరు వెతుకుతాండాడు." గట్టిగా చదివాడు, ఒక్కో మాటా తడుముకుంటూ: "'అతని వేలు ఒక్కొక్క వరుసే దిగుతూ వచ్చి ఒకచోట ఆగింది. అక్కడ'... పేజీ తిప్పితే మామిడాకు బొమ్మ ఉండాది. యాడ పోయింది మిగతాది?"

శెట్టి తల వంచుకున్నాడు.

"పేరు ఉండాదా, లేదా? నువ్వు శానా చదివినావంట. చెప్పు."

ఆమె పుస్తకం చదవలేదని నాకు తెలుసు. అయినా, ఉండాది అని ఒక్క మాట అంటే ఆ మనిషి ఆ రాత్రి నిద్రపోతాడు. నేను బల్ల కింద నుంచి ఆమె చీర కొంగు లాగాను. ఆమె నా చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"నేను చదవలేదు ఓబులేసూ. తెలియకుండా చెప్పను. వారం టైమియ్యి, తెలుసుకోని చెప్తా."

అతను పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్ళాక నేను కోప్పడ్డాను. "ఉండాదని చెప్తే ఏం పోయేది నర్సమ్మా?"

"జ్వరం ఎంత ఉండాదని అడిగితే థర్మామీటరు చూడకుండా చెప్పే నర్సును కానప్పా నేను" అని, పుస్తకం చేతిలోకి తీసుకుంది. ఈసారి నాడి చూడలేదు. నేరుగా చివరికి తిప్పింది. మూడు వందల నాలుగో పేజీ తర్వాత తొంభై ఏడో పేజీ వచ్చింది. పైన 'మామిడిలో చీడపీడలు' అని శీర్షిక. చివరి పదహారు పేజీలూ అంతే. ఆమె ముఖం మెల్లగా విప్పారింది.

"రమాదేవమ్మా, బైండింగుకు పోయిన పుస్తకాల్లో మామిడి పుస్తకం ఏమన్నా ఉండిందా?"

మేడమ్ పాత జాబితా తీసింది. ఉంది. మామిడి సాగు మీద చిన్న పుస్తకం.

"ఇంకేముంది? బిడ్డలు మారినాయి" అంది నర్సమ్మ. "కుట్టేటప్పుడు ఈ తల్లి బిడ్డను ఆ తల్లి పక్కలో, ఆ తల్లి బిడ్డను ఈ తల్లి పక్కలో పండబెట్టినారు. ఆ రెండో తల్లి యాడుందో పట్టుకోవాల."

రెండో తల్లి బనగానపల్లె దగ్గర ఒక తోటలో ఉంది. చిన్నపరెడ్డి అనే రైతు దాన్ని తీసుకుపోయి ఏడాదిన్నర. తిరిగి ఇమ్మని మేడమ్ అంతకు ముందే మూడు కార్డులు రాసినా జవాబు లేదు. నవల అచ్చు వేసిన వాళ్ళ ఫోను నంబరుకు చేస్తే మోగలేదు. ఫోన్లో ఎంత వెతికినా ఆ నవల ఇంకో ప్రతి దొరకలేదు. అందుకని మరునాడు పొద్దున నేనే బండి మీద బయలుదేరాను.

చిన్నపరెడ్డి చెట్ల పాదుల దగ్గర నిలబడి ఉన్నాడు. మీసాలు తెల్లగా, మాట గట్టిగా. లైబ్రరీ నుంచి వచ్చానంటే ముందు ఫైను కోసమనుకుని ముఖం ముడుచుకున్నాడు. పుస్తకంలో చివరి పేజీల గురించి అడగగానే మనిషి మారిపోయాడు.

"వస్తారు ఎవురో ఒకరు అనుకుంటానే ఉండా! ఏమప్పా అది? నేను తేనెమంచు పురుగుకు ఏం మందు కొట్టల్లో చదువుకుంటాంటి. పేజీ తిప్పితే పోలీసాయన ఏడుస్తాండాడు!"

"మీరు ఏమనుకున్నారన్నా?"

"గవర్నమెంటు పుస్తకం గదా, ఏదో కేసు అయ్యుంటాదిలే అనుకుంటి. కల్తీ మందు కేసేమో అని మొత్తం చదివితి. కాదు. పాప పేరంట, గ్రంథమంట. నాకు మొదలు తెల్దు, ఎవురో పాప కూడా తెల్దు. అయినా మూడు దినాలు అన్నం సయించలే." ఇంట్లోకి పోయి పుస్తకం తెచ్చాడు. ఇవ్వబోయి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "ఇస్తా. కాని నాకు మొదలు చెప్పల్ల. ఆ పాప ఎవురు? ఎట్ల సచ్చిపోయింది?"

"శనివారం నాలుగు గంటలకు లైబ్రరీకి రండి. అందరం ఉంటాం."

"వస్తా" అని పుస్తకం నా చేతిలో పెట్టాడు.

తిరిగి వచ్చే దారిలో కాలువ గట్టు మీద బండి ఆపి ఆ పదహారు పేజీలు చదివాను. పేరు లేదు. పై పేరుకూ కింది పేరుకూ మధ్య వేలు పట్టేంత జాగా కూడా లేదని రాశాడు రచయిత. ఇన్‌స్పెక్టరు గ్రంథం మూసి, ఒడ్డు మీద కూర్చుని ఏడుస్తాడు. ఆ తర్వాత నాలుగు పేజీలు బోధ, రేపు చూద్దాంలే అని బాప్తిస్మం వాయిదా వేసేవారికి ఇదే గతి అని.

పదహారు పేజీలు. దారం తెంపితే ఊడి వస్తాయి. కాలువలో నీళ్ళు పోతున్నాయి. పుస్తకం చించడం నేను ఎప్పుడూ చేయని పని, చేసిన వాళ్ళతో మాట్లాడని మనిషిని. ఆ రోజు మాత్రం చెయ్యి దారం మీదికి పోయింది. మళ్ళీ తీసుకుని, నేరుగా నర్సమ్మ ఇంటికి వెళ్ళాను.

ఆమె వసారాలో నిలబడే చదివింది. నేను ముట్టుకోక, నాకు పోసిన టీ చల్లారిపోయింది.

"దొరకలేదని చెప్దాం నర్సమ్మా."

"నువ్వు మోటారు విప్పి, తీగ కాలిందని చూసినాక, కాలలేదని చెప్పి పంపిస్తావా?"

"పంపను. కాని మోటారు ఏడవదు గదమ్మా."

ఆమె పుస్తకం మూసింది.

"అబద్ధం చెప్తే ఈ పొద్దుకు ఏడుపు ఆగుతాది" అంది. "రేపు ఎవురో నిజం చెప్తారు. ఆ దినం నువ్వు పక్కన ఉండవు, నేను ఉండను. చెప్పేదేదో మనం ఉన్నప్పుడే చెప్పల్ల. శనివారం రమ్మను."

శనివారం నాలుగు గంటలకు పది పన్నెండు మంది ఉన్నాం. పేపర్లు చదివే వాళ్ళు కూడా పేపర్లు మడిచి కూర్చున్నారు. చిన్నపరెడ్డి ఒక బుట్టెడు నిమ్మకాయలు తెచ్చి మేడమ్ బల్ల మీద పెట్టాడు, ఫైనుకు బదులు అన్నట్టు. ఓబులేసు గోడకు ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

నర్సమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని, నవలలో చివరి వాక్యంతో మొదలు పెట్టి, మామిడి పుస్తకంలోకి మారి, ఆపకుండా చదివింది. పేరు లేదన్న వాక్యం దగ్గర గొంతు తగ్గించలేదు. ఆ నాలుగు పేజీల బోధ కూడా ఒక్క మాట వదలకుండా చదివింది. ఓబులేసు భుజం మీది తుండు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని వాకిలి వైపు తిరిగాడు.

"యాడికి పోతాండావు?" అంది ఆమె. "పుస్తకమే అయిపోయింది. చదివినోళ్ళం ఇంగా ఉండాం. నా అభిప్రాయం చెప్పేది ఉండాది, విని పో."

అతను ఆగాడు.

"ఈ రాసినాయన తప్పు రాసినాడు."

శెట్టి ఉండబట్టలేకపోయాడు. "అచ్చులో ఉండాది గదమ్మా! తప్పెట్లవుతాది?"

"పిండినల్లి కూడా అచ్చులోనే ఉండాది గదా శెట్టీ."

నవ్వు వచ్చింది గాని ఎవరమూ పూర్తిగా నవ్వలేదు. ఆమె రెండు పుస్తకాలూ మూసి ఒకదాని మీద ఒకటి పెట్టింది.

"ఇరవై ఎనిమిదేండ్లు కాన్పుల వార్డులో రిజిస్టరు రాసినా. పుట్టిన గంటకే పోయే బిడ్డలు ఉంటారు. పేరు లేదు, బారసాల లేదు, బాప్తిస్మం లేదు, ఏమీ లేదు. అయినా పేరు గడి ఖాళీగా వదిలేది లేదు. లక్ష్మమ్మ బిడ్డ, ఖాసింబీ బిడ్డ, మరియమ్మ బిడ్డ, అట్ల రాస్తాము. తల్లి పేరు పక్కన వరస ఇస్తాము. పేరు పెట్టలేదు గదా, మనకెందుకులే అని ఒక్క బిడ్డను వదిలినా మా పెద్ద డాక్టరమ్మ ఊరుకునేది కాదు. గవర్నమెంటు ఆసుపత్రి రిజిస్టరుకే అంత పట్టింపు ఉంటే, దేవుని రిజిస్టరుకు లేదంటారా?"

ఆమె నవల మీద వేలు ఆనించింది.

"బైబిలు మీద నాకు అనుమానం లేదు. ఇది బైబిలు కాదు, నవల. ఒక మనిషి కూర్చోని రాసినాడు. భయపెడితే జనం తొందరపడతారని రాసినాడు. ఆయన ఎప్పుడూ రిజిస్టరు రాసిన మనిషి కాదు. రాసుంటే తెలిసేది. ఇది నా అభిప్రాయం. నోటుబుక్కులో రాస్తా, ఎవురన్నా కాదంటే కింద రాయొచ్చు."

ఇదీ ఆ రోజు ఆమె అన్నది. ఇందులో ఒక్క మాట నేను కలపలేదు, ఒక్క మాట తీయలేదు.

ఆమె రాయడానికి లేచేలోపల ఓబులేసు గోడ దగ్గర నుంచి కదిలాడు. "పెన్ను ఉండాదా మేడమ్?" అన్నాడు. నోటుబుక్కు ముందు కూర్చున్నాడు. లారీ రసీదుల మీద సంతకం తప్ప ఏళ్ళుగా ఏమీ రాయని చెయ్యి. చాలాసేపు పట్టింది. మేము ఎవరమూ అటు చూడకుండా ఉండడానికి ప్రయత్నించాం. అతను రాసింది ఇంతే:

"ముగింపు నేను ఒప్పుకోను. ఓబులేసు మరియు రాజమ్మల బిడ్డ సునీత."

నర్సమ్మ దాన్ని చదివి, వేలితో ఆ వరస కింద గీత గీసినట్టు జరిపి, తన అభిప్రాయం దాని కింద రాసింది. పైన జాగా ఉన్నా కిందనే రాసింది.

అప్పటిదాకా ఓపిక పట్టిన చిన్నపరెడ్డి, "ఇంగ నాకు మొదలు ఎవురు చెప్తారప్పా?" అన్నాడు. నేను గొంతు సవరించుకున్నాను, ఆ పని నాదే అనుకుని. ఓబులేసు కుర్చీ ఆయన వైపు తిప్పుకున్నాడు. "నేను చెప్తా పెద్దాయనా. ఒక ఆదివారం సూర్యుడు పుట్టలేదు" అని మొదలుపెట్టాడు. ఇన్‌స్పెక్టరు కూతురి దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల కోయిలకుంట్లలో ఇంటర్ చదివింది, లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకుంది, తండ్రి లోడు దించి వచ్చేదాకా తినకుండా కూర్చుంది. అవేవీ నవలలో లేవు. చిన్నపరెడ్డి ఊ కొడుతూ విన్నాడు. మేము ఎవరమూ సరిదిద్దలేదు.

ఆ రెండు పుస్తకాల బిడ్డలను మళ్ళీ మార్చి కుట్టిద్దామని మేడమ్ అంటే నర్సమ్మ వద్దంది. "పెరిగినాక మారిస్తే ఇద్దరూ బెంగ పడతారు" అంది. రెండింటి లోపలి అట్టల మీద, మిగతాది ఎక్కడ దొరుకుతుందో తన చేతి రాతతో చీటీలు అంటించింది. ఆ తర్వాత కూడా రోజూ నాలుగు గంటలకు వచ్చేది. ఏదైనా నవలలో బిడ్డ చనిపోతే, రాసినాయన ఆ బిడ్డకు పేరు పెట్టాడా లేదా అని ముందు చూసేది. పెట్టకపోతే ఆ పుస్తకానికి ఆమె దగ్గర పాసు మార్కులు లేవు. చివరి ఏడాది కళ్ళు మసకబారితే, నేను చదువుతుంటే వినేది. నేను ఎక్కడైనా పేజీ దాటవేస్తే వెంటనే పట్టుకునేది.

దీన్ని రాయడానికి సాయపడిన వాళ్ళ పేర్లు చెప్పి ముగిస్తాను. అభిప్రాయాల నోటుబుక్కును బల్ల కాలి నుంచి విప్పి రెండు రోజులు నా దగ్గర ఉంచుకోనిచ్చిన రమాదేవి మేడమ్‌కు కృతజ్ఞతలు. తన పిండినల్లి అభిప్రాయాన్ని కొట్టివేయకుండా అట్లే అచ్చు వేయమని చెప్పిన సుబ్బయ్య శెట్టికి, ఆ రోజు తానూ అక్కడ ఉన్నానని, నేను రాసింది సరిగ్గా ఉందని ఆసాంతం విని చెప్పిన హుసేన్‌కు, పుస్తకం నా చేతికిచ్చి, మాట ఇచ్చినట్టే శనివారం వచ్చి, ఇప్పటికీ నెలకొకసారి వచ్చి ఏదో ఒక నవల తీసుకుపోతున్న చిన్నపరెడ్డికి కృతజ్ఞతలు. రాజమ్మకు. ఓబులేసుకు. పాప పేరు మార్చి రాయమంటావా అని నేను అడిగితే, అతను లారీ టైరు మీద చెయ్యి పెట్టుకుని నా వైపు వింతగా చూశాడు.

"ఎందుకు మారుస్తావప్పా? ఉండాది గదా, అట్లే రాయి."